ఇంట్లో తగువుని వేదిక మీద ఒక్కరే ఆడాలంటే

ఏకపాత్రాభినయం అనగానే చాలామందికి స్కూలు వార్షికోత్సవం గుర్తొస్తుంది. అట్ట కిరీటం, కాటుకతో దిద్దిన మీసం, సినిమా దుర్యోధనుడి డైలాగు. ఊపిరి తీసుకోకుండా ఎంతసేపు చెబితే అన్ని చప్పట్లు. అందులో తప్పేం లేదు. నలుగురి ముందు నిలబడే భయం పోవడానికి అంతకంటే మంచి బడి లేదు. కానీ నేను చెప్పబోయే ఏకపాత్రలో రాజులుండరు. అందరూ మన ఇంట్లోవాళ్లే.

మా తాత, నాన్నమ్మ, అత్త, నాన్న, నలుగురినీ నేనొక్కదాన్నే ఆడతాను. సుమారు యాభై నిమిషాలు. పగలు బ్యాంకులో ఉద్యోగం. ఉండేది విశాఖలో, సొంతూరు టెక్కలి వైపు. ఈమధ్య ప్రదర్శన అయ్యాక ఇరవైల్లో ఉన్న పిల్లలు వచ్చి "మా ఇంటి కథ కూడా ఇలా చెయ్యాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలక్కా" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకసారి రాసేస్తే సరిపోతుంది కదా అని ఇది.

తగువు ఎక్కడుందో చూడండి

ఎక్కువమంది "నేనెవరిని?" అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. ఆ ప్రశ్నతో డైరీ రాసుకోవచ్చు. నాటకం ఆడటం కష్టం, ఎందుకంటే దానికి ఎదురు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. మీ ఇంట్లో ఏళ్ల తరబడి తేలని తగువు ఒకటి ఉంటుంది. పండక్కి అందరూ చేరినప్పుడు ఎవరో ఆ మాట ఎత్తుతారు, ఇంకెవరో లేచి పెరట్లోకి వెళ్లిపోతారు. అది పట్టుకోండి. మీరెవరో, మీ ఇల్లు ఎలాంటిదో, ఏ కట్టుబాట్లలో పెరిగారో దాంట్లోంచే బయటికొస్తాయి.

మా ఇంటి తగువు చెబుతాను. మా తాత 1930ల చివర్లో కూలి పనికి బర్మాలోని రంగూన్ వెళ్లాడు. మా వైపు దాన్ని రంగం అనేవారు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఎంతోమంది ఓడెక్కి వెళ్లి అక్కడి రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి. తర్వాతి నెలల్లో లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చేశారు. ఓడలో చోటు దొరకనివాళ్లు కొండలూ అడవులూ దాటి నడిచారు. మా తాత నడిచిన గుంపులో ఉన్నాడు.

ఇంతవరకూ మా ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు. అక్కడ ఆయనకి ఇంకో భార్య, ఒక పాప ఉండేవారని అత్త అంటుంది. అదంతా ఊళ్లోవాళ్ల కల్పన అంటాడు నాన్న. నాన్నమ్మ బతికున్నన్నాళ్లూ అవుననలేదు, కాదనలేదు. తాత రంగం నుంచి తెచ్చిన ఎర్ర లక్క డబ్బాని మాత్రం వంటింటి గడప దాటనివ్వలేదు.

ఇంత దొరికితే చాలు. మీ ఇంట్లో ఇది ఆస్తి పంపకం కావచ్చు, వేరే కులంలో పెళ్లి చేసుకున్న పిన్ని ఫొటో గోడ మీద ఉండాలా వద్దా అన్నది కావచ్చు, డల్లాస్‌లో స్థిరపడ్డ అన్నయ్య ఊళ్లో ఇల్లు అమ్మేద్దామనడం కావచ్చు. పెద్ద చరిత్ర అక్కర్లేదు. తగువులో చేతికి తగిలే వస్తువు ఏదైనా ఉంటే మంచిది. డబ్బా, ఫొటో, తాళంచెవి, దస్తావేజు, ఏదో ఒకటి. వేదిక మీద మీకు తోడుగా ఉండేది అదొక్కటే.

మొదలుపెట్టే ముందు చిన్న పరీక్ష పెట్టుకోండి. గది తలుపు వేసుకుని తగువులో ఒకరి తరఫున ఐదు నిమిషాలు మాట్లాడండి, తర్వాత రెండోవాళ్ల తరఫున ఐదు నిమిషాలు. మీరు ఎవరితో విభేదిస్తారో వాళ్ల తరఫున మాట్లాడుతున్నప్పుడు గొంతులో వెటకారం వస్తోందంటే ఇంకా ఆగాలి. నేను మనసులో అత్త పక్షం. నాన్న "లేదు" అనడం వెనక ఉన్న భయం నాకు అర్థమయ్యాకే రాయడం మొదలుపెట్టాను. తండ్రి ఎక్కడో ఒక బిడ్డని వదిలేసి వచ్చాడంటే, ఆ తండ్రి పెట్టిన అన్నం తిని పెరిగిన ఈ కొడుకు ఏమవుతాడు? నాన్న ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. నాటకంలో కూడా అనడు. కానీ ఆయన్ని ఆడుతున్నంతసేపూ ఆ ప్రశ్న నా వీపు మీద ఉంటుంది.

అడిగే పద్ధతి

పెద్దవాళ్ల ముందు కుర్చీ వేసుకుని, ఫోను పెట్టి, "చెప్పు అత్తా" అంటే వాళ్లు ఆకాశవాణికి చెప్పినట్టు చెబుతారు. పనిలో ఉన్నప్పుడు అడగండి. చింతపండు పిక్కలు తీస్తున్నప్పుడు, బట్టలు మడతపెడుతున్నప్పుడు. రికార్డు చేస్తున్నట్టు ముందే చెప్పి, ఫోను పక్కన పెట్టి మర్చిపోండి.

"అప్పుడు నీకెలా అనిపించింది" అని అడగొద్దు. మా అత్తని అలా అడిగితే "ఏటనిపిస్తాది, ఏటీ అనిపించనేదు" అంది. అదే అత్తని, తాత తిరిగొచ్చిన రోజు ఒంటి మీద ఏ బట్టలున్నాయని అడిగితే అరగంట మాట్లాడింది. అప్పుడామెకి ఆరేళ్లు. గళ్ల లుంగీ, దాని అంచు చింపి కాలికి కట్టుకున్న కట్టు, గడ్డం, ఎవరో బిచ్చగాడనుకుని నాన్నమ్మ చేటలో బియ్యం తెచ్చి గుమ్మంలోకి రావడం. అనిపించినవన్నీ ఆ చేటలోనే ఉన్నాయి. తలుపు ఎవరు తీశారు, ఆ రోజు ఏం వండారు, ముందు ఎవరు తిన్నారు, రాత్రి ఎవరెక్కడ పడుకున్నారు... ఇలాంటివి అడగండి.

దొరికినదాన్ని తేదీలతో సరిచూసుకోవాలి. నాన్నమ్మ చెప్పిన లెక్కలో, తాత వచ్చిన కొద్ది రోజులకే "ఇశాపట్నంలో బాంబులు పడ్డాయి". విశాఖ మీద జపాన్ బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. రంగూన్ జపాన్ చేతికి వెళ్లింది అదే ఏడు మార్చి 8న. అన్ని వారాలు నడిచిన మనిషి ఏప్రిల్ నాటికి టెక్కలి వైపు చేరాడంటే నగరం పడిపోకముందే బయల్దేరి ఉండాలి. దారులు ముఖ్యంగా రెండు. ప్రోమ్ నుంచి టౌంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి, అక్కణ్నుంచి చిట్టగాంగ్‌కి ఒకటి. ఉత్తరంగా వెళ్లి మణిపూర్‌లోకి దిగేది ఇంకొకటి. కొండలు దిగాక సముద్రం కనపడిందని తాత అనేవాడట. అంటే మొదటి దారే అయ్యుండాలి.

ఈ వివరాలన్నీ పోగయ్యాక ప్రేక్షకులకి పాఠం చెప్పాలనిపిస్తుంది. చెప్పొద్దు. నేను టౌంగప్ పేరు కూడా నాటకంలో వాడను. "కొండ దిగితే సముద్రం కనపడింది. అందరూ ఏడిసినారు. ఇంకేటి, ఇల్లొచ్చీసినట్టే అనుకున్నాం" అని తాత అంటాడు, అంతే. ఆ సముద్రం మీద ఇంకా ఎంత దూరం ఉందో నాకు తెలుసు కాబట్టి ఆ మాట ఎలా అనాలో తెలిసింది. చదివినదాంట్లో ఎక్కువ భాగం ఇలా నటనకే పనికొస్తుంది.

బతికున్నవాళ్ల అనుమతి

ఈ విషయం చాలామంది చివరికి వదిలేస్తారు. టికెట్లు అమ్మాక ఇంట్లో యుద్ధం.

మొదటి రాత ప్రతి పూర్తవగానే, అందులో ఉన్న, బతికున్న ప్రతి మనిషికీ వాళ్ల భాగం చదివి వినిపించండి. వాట్సాప్‌లో పంపితే చాలదు. ఎదురుగా కూర్చుని చదవండి, వాళ్ల మొహం చూడండి. మా నాన్న విని, చాలాసేపు ఊరుకుని, ఒక్కటే షరతు పెట్టాడు: "నా మాటలు నేనన్నట్టే ఉండాలి. నన్ను వెర్రివాణ్ని చెయ్యకు." ఆ షరతు వల్ల నాటకం బాగుపడిందే తప్ప పాడవలేదు.

పేర్లు మార్చండి. ఒకరి జబ్బు, ఒకరి అప్పు, పెళ్లి కావాల్సిన పిల్లకి అడ్డొచ్చే సంగతి, ఇవి ఎంత నాటకీయంగా ఉన్నా తీసెయ్యండి. అనుమతి అడగడమంటే కలం వాళ్ల చేతికివ్వడం కాదని కూడా గుర్తుంచుకోవాలి. "నన్ను కొంచెం మంచిగా చూపించు" అని ఒక బంధువు అడిగితే నవ్వి ఊరుకోవచ్చు. "ఇది నేను బతికుండగా వద్దు" అని ఎవరైనా గట్టిగా అంటే మాత్రం ఆ ముక్క ఆపండి. ఈలోపు ఇంకో తగువు వెతుక్కోవచ్చు, ఏ ఇంట్లోనైనా ఒక్కటే ఉండదు.

రాయడం

పుట్టుకతో మొదలుపెట్టొద్దు. "నేను ఫలానా ఊళ్లో పుట్టాను, మాది ఉమ్మడి కుటుంబం" అని మొదలైన ఏకపాత్రల్ని నేను చాలా చూశాను. మూడో నిమిషంలో వెనక వరసలో ఫోన్లు వెలుగుతాయి. ఎవరో ఒకరికి ఏదో ఒకటి కావలసిన క్షణంతో మొదలవ్వాలి. నా నాటకం ఇలా మొదలవుతుంది:

అత్త: మూత తియ్యనీ అమ్మా. ఏటుందో సూద్దాం.
నాన్నమ్మ: ఏటుంటాది? పాత వాసన ఉంటాది.
అత్త: అది ఎవరిదో నీకు తెల్సు.
నాన్నమ్మ: బియ్యం కడిగీసినావేటి?

చివరి మాట చూడండి. ప్రశ్నకి జవాబు లేదు, బియ్యం సంగతి వచ్చింది. మన ఇళ్లలో ముఖ్యమైన మాటలు వచ్చినప్పుడు జరిగేది ఇదే. ఎవరో పొయ్యి మీద పాలు చూడటానికి లేస్తారు. కాబట్టి పాత్ర తన బాధని తనే వివరిస్తూ మాట్లాడుతోందంటే ఆ వాక్యం కొట్టేసి, ఆ సమయానికి ఇంట్లో ఏ పని జరుగుతుందో ఆలోచించండి.

"అని నాన్నమ్మ అంది", "అప్పుడు నాన్న అన్నాడు" అనేవి రాతలోనే తీసెయ్యాలి. అవి ఉన్నంతకాలం మీరు కథ చెబుతారు, ఆడరు. మీరు మీరుగా మాట్లాడే భాగాలు కొన్ని ఉండొచ్చు. నా నాటకంలో ఉన్నాయి, కానీ చిన్నవి. చూసేవాళ్లకి తెలియక తప్పని సంగతులకి మాత్రమే వాటిని వాడుకుంటాను.

మొదట పదిహేను నిమిషాల ముక్క చెయ్యండి. ఇద్దరు మనుషులు, ఒక గది, ఒక వస్తువు. అది నిలబడితే మూడో మనిషిని తీసుకురండి. ఎంత రాశారో పేజీల్లో కొలవొద్దు, లేచి నిలబడి ఆడుతూ టైమ్ చూసుకోండి. కూర్చుని చదివినదానికంటే ఎప్పుడూ ఎక్కువే పడుతుంది.

పాట పెట్టాలనిపిస్తే ఆ మనిషి నిజంగా పాడేదే పెట్టండి. మా నాన్నమ్మకి పాడటం రాదు, చేటతో బియ్యం చెరిగేటప్పుడు నోట్లో లెక్క పెట్టుకునేది. ఆ లెక్కనే వాడాను. వెనక వేణువు వేద్దామని ఒక మిత్రుడన్నాడు. వేణువు మా ఇంట్లో ఎప్పుడూ లేదు.

ఒంట్లోంచి ఒంట్లోకి

ఒక్క మనిషి నలుగురు కావడం మనకి కొత్త విద్య కాదు. హరిదాసు చిరతలు పట్టుకుని నిలబడి రావణుడూ సీతా హనుమంతుడూ తనే అవుతాడు. మధ్యలో ఆగి పిట్టకథ చెప్పి, ముందు వరసలో కునుకు తీసేవాణ్ని లేపి, మళ్లీ లంకలోకి వెళ్లిపోతాడు. హరికథకి ఇప్పటి రూపం ఇచ్చిన ఆదిభట్ల నారాయణదాసు గారు మా ఉత్తరాంధ్రవారే. 1919లో విజయనగరంలో పెట్టిన సంగీత కళాశాలకి ఆయనే మొదటి ప్రిన్సిపాల్. ఎక్కడైనా హరికథ జరుగుతుంటే వెళ్లి, కథ వినడం మానేసి ఆ మనిషి భుజాలు మాత్రమే చూడండి. పాత్ర మారేది అక్కడే.

నేను చేసే పద్ధతి ఇది. ప్రతి మనిషికీ వేదిక మీద ఒక చోటు, చూపు వెళ్లే ఒక దిక్కు, ఒక ఎత్తు. నాన్నమ్మ పీట మీద కూర్చుంటుంది, కాబట్టి ఆమె చూపు కుడివైపు పైకి. అత్త నిలబడుతుంది, ఆమె చూపు ఎడమవైపు కిందకి. ఈ రెండు చూపులూ ఒకే చోట కలవాలి. లేకపోతే వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుతున్నట్టు ఉండదు, ఇద్దరూ గోడతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నేల మీద చాక్‌పీసుతో గుర్తులు పెట్టుకుని, ముందు మాటలు లేకుండా వట్టి మలుపులు సాధన చెయ్యండి. విసుగ్గా ఉంటుంది. అయినా చెయ్యండి.

తిరిగిన వెంటనే మాట్లాడొద్దు. అవతలివాళ్ల మాట ఈ మనిషికి తగిలినట్టు ముందు కనపడాలి, తర్వాతే జవాబు. ఇది వచ్చిన రోజున వేదిక మీద ఇద్దరున్నట్టు ఉంటుంది. ఇది రాకపోతే ఎన్ని గొంతులు మార్చినా లాభం లేదు.

గొంతుల సంగతికి వస్తే, నేరెళ్ల వేణుమాధవ్ గారి లాంటి మహానుభావుల వల్ల ధ్వన్యనుకరణ, అంటే మిమిక్రీ మీద మనకి గొప్ప గౌరవం, ఉండాల్సిందే. కానీ ఈ పని వేరు. మా తాత గొంతు ప్రేక్షకుల్లో ఎవరూ వినలేదు. అచ్చు ఆయనలాగే ఉందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. ఆయన గొంతుకీ నాన్న గొంతుకీ తేడా ఉంటే చాలు. మగ పాత్రలకి గొంతు బొంగురు చెయ్యను. తాత నెమ్మదిగా, మాట మాటకీ మధ్య దమ్ము తీసుకుంటూ మాట్లాడతాడు. నాన్న త్వరగా, ప్రతి వాక్యాన్నీ "అదీ సంగతి" అని ముగిస్తాడు. ఒక్కొక్కరికి ఒక్క చేష్ట చాలు. నాన్న చొక్కా జేబు తడుముకుంటాడు. అత్త కొంగు నడుముకి దోపుతుంది. రెండో చేష్ట పెట్టారంటే మొదటిది బలహీనపడుతుంది.

బట్టలు మార్చొద్దు. నా దగ్గర ఒక తువ్వాలు ఉంటుంది, అంతే. తాతకి భుజం మీద, నాన్నమ్మకి ఒళ్లో, అత్తకి నడుముకి. నేను నేనుగా మాట్లాడేటప్పుడు తువ్వాలుని తీసి డబ్బా పక్కన పెట్టేస్తాను.

యాస

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కోపం కూడా ఎక్కువే ఉంది.

మా యాసని సినిమాలు వాచ్‌మన్‌కీ, పనిమనిషికీ, కమెడియన్‌కీ ఇచ్చాయి. తెలంగాణ మిత్రులు తమ భాష గురించి చాలాకాలం ఇదే చెప్పుకున్నారు. దాని ఫలితం ఏమిటంటే, హైదరాబాదులో నేను నోరు తెరిచి "ఏటి" అనగానే హాల్లో నవ్వొస్తుంది. నేను ఏ జోకూ వెయ్యలేదు. అక్కడ నొచ్చుకోవద్దు, నవ్వు కోసం ఆగొద్దు కూడా. అదే మాటని కాసేపటి తర్వాత నవ్వడానికి వీల్లేని చోట తీసుకురండి. చేటలో బియ్యంతో గుమ్మంలోకొచ్చిన నాన్నమ్మ ఆ గడ్డం మనిషిని గుర్తుపట్టి "ఏటిది?" అంటుంది. ఆ "ఏటి"కి ఇంతవరకూ ఎవరూ నవ్వలేదు.

ఒక ఇంట్లో అందరూ ఒకే యాస మాట్లాడరు. మా నాన్నమ్మది నిఖార్సైన పల్లె మాట. అత్తది పెళ్లయి విజయనగరం వెళ్లాక కొంచెం మెత్తబడింది. నాన్న ప్రభుత్వోద్యోగి. పైవాళ్లతో పేపర్ భాష, ఇంట్లో సగం సగం, కోపమొస్తే మాత్రం పూర్తిగా అమ్మ మాట. నాటకంలో ఆయన "అలాంటిదేమీ జరగలేదు" అని మొదలుపెట్టి, అత్త వదలకపోయేసరికి "నేదని సెప్పినానా!" అని అరుస్తాడు. ఆయన ఎక్కడినుంచి వచ్చాడో, ఏమవ్వాలని ఎంత కష్టపడ్డాడో ఆ రెండు వాక్యాల మధ్యే తెలుస్తుంది. మీ ఇంట్లో ఎవరి మాట ఎవరి ముందు ఎలా మారుతుందో గమనించండి. వేరే ఏ పద్ధతిలోనూ ఇంత తక్కువ మాటల్లో ఇంత చెప్పలేరు.

యాసని సినిమాల నుంచి నేర్చుకోవద్దు. మీ రికార్డింగుల నుంచి నేర్చుకోండి. ఊరు వదిలి పెరిగినవాళ్లయితే రోజూ ఒక ముక్క విని, ఆపి, అన్నట్టే అనండి. అర్థం కాదేమోనని పక్కనే మామూలు తెలుగులో మళ్లీ చెప్పొద్దు. డబ్బా వైపు చూపించి అన్న మాట ఏదైనా అర్థమవుతుంది.

సాధన, చూసిపెట్టే మనిషి

ఒక్కరే ఆడతారు కాబట్టి ఒక్కరే తయారుచెయ్యొచ్చనుకోకండి. బయట నుంచి చూసే మనిషి ఒకరు కావాలి, అదీ మీ ఇంటివాళ్లు కానివాళ్లు. ఇంటివాళ్లు ఖాళీల్ని జ్ఞాపకాలతో పూరించుకుంటారు. నాకు మా బ్యాంకులోనే పనిచేసే ఒక గోదావరి జిల్లా మిత్రురాలు ఉంది. ఆమెకి రంగం సంగతి ఏమీ తెలియదు, అందుకే పనికొచ్చింది.

అలా చూసినవాళ్లని "బాగుందా" అని అడిగితే "బాగుంది" అంటారు. ఇంకేమంటారు పాపం. ఎవరు మాట్లాడుతున్నారో ఎక్కడ తికమకపడ్డారు, ఎక్కడ టైమ్ చూసుకోవాలనిపించింది, నాన్న చెప్పింది నిజమా అత్త చెప్పింది నిజమా అని అడగండి. చివరి ప్రశ్నకి అందరూ ఒకే జవాబు చెబితే రాతలో ఒక వైపు బరువెక్కువైందని అర్థం. మళ్లీ కూర్చోవాలి.

ఏడుపు గురించి. సాధనలో వస్తుంది, రానివ్వండి, ఆపకుండా ఆడి అరగదియ్యండి. వేదిక మీద మీరు ఏడిస్తే ప్రేక్షకులు మీ గురించి కంగారుపడటం మొదలుపెట్టి నాన్నమ్మని వదిలేస్తారు.

డైలాగు మర్చిపోతే అందించేవాళ్లు ఉండరు. ఆ టెన్షన్ అందరికీ ఉంటుంది. ముందే ఒక పని పెట్టుకోండి. నేనైతే తువ్వాలుతో డబ్బా తుడుస్తాను. అది నాటకంలో ఎక్కడైనా ఇమిడే పని. తుడుస్తుంటే మాట దొరుకుతుంది.

హాలు, లైట్లు, మైకు

చిన్న చోటు వెతకండి. యాభై, అరవై మంది పట్టేది. హైదరాబాదులో రవీంద్రభారతిలో ఆడాలని అందరికీ ఉంటుంది. 1961 నుంచీ ఉన్న వేదిక, ఆ గౌరవం వేరు. కానీ చివరి వరసకి మీ కళ్లు కనపడవు, ఈ నాటకమంతా కళ్లలోనే ఉంది. బంజారాహిల్స్‌లో లామకాన్ లాంటి చోట్లు దీనికి సరిపోతాయి. ఊళ్లలో అయితే గ్రంథాలయం హాలు, అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలు, మేడ కూడా చాలు. నాటక పరిషత్తుల పోటీలకి పంపాలంటే వాళ్ల నియమాలు ముందు చదవండి. చాలావరకు అవి పదిమంది నటులుండే నాటికల కోసం రాసినవి.

లైట్లు రెండు చాలు, ముఖం మీద నీడ పడకుండా చెరో పక్క నుంచి. రంగు లైట్లు వద్దని ఆపరేటర్‌కి రెండుసార్లు చెప్పాలి. ఏడుపు సీన్‌కి నీలం వెయ్యడం వాళ్లకి అలవాటు. చిన్న హాల్లో మైకు లేకుండా ఆడగలిగితే ఆడండి. తప్పకపోతే చెంపకి అంటుకునే హెడ్‌సెట్ మైకు. చొక్కాకి పెట్టే కాలర్ మైకు తల తిప్పినప్పుడల్లా తగ్గి పెరుగుతుంది, మనకి తల తిప్పడమే పని. ఫ్యాన్ల మోత ఎంతుందో ముందు రోజే వెళ్లి వినండి.

అమెరికాలో తెలుగు సంఘాల నుంచి పిలుపొస్తే, పిల్లల డ్యాన్సులకీ భోజనాలకీ మధ్య పది నిమిషాలు ఇస్తారు. యాభై నిమిషాల నాటకాన్ని కుదించొద్దు. విడిగా నిలబడే ఒక్క సన్నివేశం తీసుకోండి. చేట సన్నివేశం ఎక్కడైనా నిలబడుతుంది. ఇల్లు వదిలి దూరం వెళ్లిన మనిషి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడటం వాళ్లకి ఎవరూ వివరించక్కర్లేదు. తెలుగు అంతంతమాత్రంగా వచ్చే పిల్లలు కూడా చూస్తారు. వాళ్ల కోసం మధ్యలో ఇంగ్లిష్ వ్యాఖ్యానం పెట్టమని నిర్వాహకులు అడుగుతారు, ఒప్పుకోవద్దు.

అయ్యాక

ప్రదర్శన అవగానే పారిపోవద్దు, కాసేపు కూర్చోండి. జనం తమ ఇంటి సంగతులు తెస్తారు. విశాఖలో ఆడినప్పుడు కంచరపాలెం బర్మా క్యాంపు నుంచి కొందరు వచ్చారు. 1942లో నడిచి వచ్చినవాళ్ల బంధువులు కారు వీళ్లు. 1962లో బర్మాలో సైన్యం అధికారంలోకి వచ్చి దుకాణాల్నీ వ్యాపారాల్నీ జాతీయం చేశాక, ఆ దశాబ్దంలో వెనక్కి పంపిన కుటుంబాలవాళ్లు. వాళ్లలో ఒక పెద్దావిడ డబ్బాని చేతిలోకి తీసుకుని, ఇది అక్కడ తాంబూలం పెట్టుకునే డబ్బా అనీ, లోపల ఒకదాని మీద ఒకటి అరలుంటాయనీ చెప్పింది. ఆకులు, వక్కలు, సున్నం విడివిడిగా. ఇంట్లో ఆడవాళ్లు వచ్చినవాళ్లకి మర్యాదగా తెచ్చిపెట్టేదట. మా ఇంట్లో ఆ అరలు లేవు, పై డబ్బా ఒక్కటే వచ్చింది. ఇప్పుడు అత్త నోట ఆ మాట ఉంది: "లోపలి అరలు ఎవురి దగ్గిర ఉండిపోనాయి?" నాన్న పాత్రకి దానికి జవాబు ఇంకా రాయలేదు, ప్రస్తుతానికి జేబు తడుముకుంటాడు.

కాబట్టి స్క్రిప్టుని ఎప్పుడూ పూర్తయినట్టు అచ్చు వేయించకండి. పెన్సిల్‌తో రాసుకునే ఖాళీ ఉంచండి.

ఇక వీడియో. హాల్లో ఎవరో ఫోన్లో తీసి మర్నాటికి యూట్యూబ్‌లో పెట్టేస్తారు. మొదలయ్యే ముందే వద్దని చెప్పండి, చెప్పే పని మీరు కాకుండా ఇంకొకరికి అప్పగించండి. మీరు వచ్చి "ఫోన్లు ఆపెయ్యండి" అని, వెంటనే నాన్నమ్మ అయిపోవడం కష్టం. మీ కోసం మీరు ఒకసారి పూర్తిగా రికార్డు చేయించుకోండి, పోటీలకీ పండగలకీ పంపడానికి అడుగుతారు. అది అందరికీ కనపడేలా పెట్టే ముందు మాత్రం మళ్లీ ఇంట్లో అడగండి. హాల్లో అరవై మంది చూడటానికి ఒప్పుకున్న మా నాన్న, ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఇంకా ఒప్పుకోలేదు. అత్త ఒప్పుకుంది, తన భాగం వరకూ పెట్టుకోమంది.